జంపరుగారి భార్య

మా ఆయన పోయిన నెలకు నేను మళ్లీ బడికి వెళ్లాను. వేమూరులో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఏడో తరగతికి ఆ రోజు వచ్చిన మాటలన్నీ పనులు చేసేవాళ్ల పేర్లు. పాడేవాడు సింగర్, ఈదేవాడు స్విమ్మర్, దూకేవాడు జంపర్. నా పద్ధతి ఇరవై ఏళ్లుగా ఒకటే. బోర్డు మీద నిలువుగా రెండు గీతలు గీసి మూడు భాగాలు చేస్తాను. మాట, అర్థం, వాడుక. మొదటి రెండూ నేను రాస్తాను. మూడోది పిల్లలు రాయాలి, సొంతంగా, గైడు చూడకుండా.

ఒక పిల్ల జంపర్ ఎదురుగా ఇంగ్లీషులో రాసిన వాక్యం ఇది: మా టీచరు భర్త జంపర్. ఉన్నారు అని కాదు, ఉండేవారు అని రాసింది. కాలం సరిగ్గా వేసింది. నేను టిక్కు పెట్టి పక్క నోటుబుక్కు తీసుకున్నాను. ఆ పిల్ల బల్ల దగ్గరే నిలబడి, కొడతానో ఏడుస్తానో అని నా మొహంలోకి చూసింది. నేను రెండూ చేయలేదు. వెళ్లి కూర్చోమన్నాను.

బయటివాళ్లకు మా ఊళ్లో ఈ మాట వాడకం తెలియదు కాబట్టి చెబుతాను. రేపల్లె నుంచి తెనాలి వెళ్లే పాసింజరు మా వేమూరులో ఆగుతుంది. బాపట్ల వెళ్లాల్సినవాళ్లు తెనాలిలో దిగి, ఇంకో ప్లాట్‌ఫాం మీద ఇంకో బండి పట్టుకోవాలి. మన బండి ఆగి, జనం దిగి, వంతెన మెట్లెక్కి దిగేసరికి ఆ బండి తోక మాత్రమే కనిపిస్తుంది. అందుకని రోజూ తిరిగే మగవాళ్లు కొందరు తెనాలి స్టేషన్ ముందున్న పాత సిగ్నల్ కేబిను దాటాక, బండి మనిషి నడకకు వచ్చినప్పుడు, పట్టాల వైపు దూకేసి అడ్డంగా పోయి బాపట్ల బండి ఎక్కేస్తారు. సాయంత్రం వచ్చేటప్పుడూ ఇదే పని, ఇటు నుంచి అటు. వాళ్లే జంపర్లు. మా ఆడవాళ్లు కూడా అదే మాట అంటారు. దూకేవాడు అంటే మాకు నుయ్యి గుర్తొస్తుంది. జంపరు అంటే క్యారేజీ సంచీ, సీజన్ టికెట్టూ గుర్తొస్తాయి.

అది తప్పని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ సాయంత్రం దూకినవాడు ఆరున్నరకు ఇంట్లో ఉంటాడు. దూకనివాడు తర్వాతి బండికి వస్తే ఎనిమిదిన్నర దాటుతుంది. ఆ రెండు గంటల్లోనే మా ఇంట్లో టీ తాగడం, పాప లెక్కలు చేయడం, గొడవ పడడం, మళ్లీ మాట్లాడుకోవడం అన్నీ అయ్యేవి. పొద్దున ఆయన వెళ్లే వేళకు నేను వంటింట్లో ఉంటాను, ఎనిమిదిన్నర తర్వాత ఎవరికీ ఓపిక ఉండదు. మా కాపురమంతా ఆ రెండు గంటల్లోనే జరిగిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆయన బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. పంతొమ్మిదేళ్లు అటూ ఇటూ తిరిగారు. ఇంట్లో మహా నిదానం. కూర తరగమంటే బెండకాయను కొలిచి మరీ తరిగేవారు. నత్త కూడా మిమ్మల్ని చూసి నవ్వుతుందండీ అనేదాన్ని. అలాంటి మనిషి దూకుతారంటే మొదట్లో నేను నమ్మలేదు. పెళ్లయిన రెండో ఏడు తెనాలిలో చీరలు కొనడానికి ఆయనతో బండెక్కాను. కేబిను రాగానే, నువ్వు స్టేషన్లో దిగు, నేనే వచ్చి కలుస్తా అన్నారు. కొక్కేనికి తగిలించిన సంచీ తీసి భుజానికి అడ్డంగా వేసుకున్నారు. బండి పోయే వైపుకే మొహం పెట్టి, ఎడమ కాలు కింద ఆనించి నాలుగడుగులు వేశారు. అంతే. దూకినట్టే లేదు, మెట్టు దిగినట్టు ఉంది. కిటికీలోంచి చూసిన నాకు ఒళ్లు పొంగింది. ఆ రోజు తిట్టాల్సింది. తిట్టలేదు, చాలా బాగా చేశారండీ అన్నాను.

ఆయన పోయిన రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇడ్లీ తిన్నారు. క్యారేజీలో దోసకాయ పప్పు, వడియాలు పెట్టాను. గొడుగు తీసుకెళ్లమంటే వద్దన్నారు. నేను బళ్లో రెండో పీరియడ్ చెబుతుండగా ఫోను మోగింది. ఆయనతో రోజూ వెళ్లే మనిషి, బాపట్లలో మందుల షాపులో పనిచేస్తాడు, నాకు ఊరి వరసకు మరిది అవుతాడు. “వదినా, అన్నయ్య పడిపోయారు” అన్నాడు. కేబిను దగ్గర కాదు. తెనాలి ఇంకా దూరం ఉండగానే, పొలాల మధ్య, బండి మంచి వేగం మీద ఉన్నప్పుడు. మరిది లోపల సీట్లో ఉన్నాడు, ఎలా జరిగిందో చూడలేదు. వెళ్లేసరికి అంతా అయిపోయింది. నేను బోర్డు తుడిచి, పిల్లలను పక్క క్లాసులో కూర్చోబెట్టి, సంతకం పెట్టి బయల్దేరాను. ఆ సంతకం ఎందుకు పెట్టానో తెలియదు.

మేం లూథరన్లం. మాలో మనిషి పోతే పదో రోజున ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెడతారు. పాటలు, వాక్యం అయ్యాక, పోయినవాళ్ల గురించి తెలిసినవాళ్లు లేచి నాలుగు మంచి మాటలు సాక్ష్యంగా చెబుతారు. మందిరంలో వాళ్లకు ఇది అలవాటే. ఆయన ఫలానా పండక్కి కుర్చీలు మోశారు, ఫలానా పాట బాగా పాడేవారు అని చెప్పి కూర్చుంటారు. ఆ రోజు పాస్టరు అయ్యగారు, “ఆయనతో రోజూ ప్రయాణం చేసిన సోదరులు కూడా ఒక మాట చెబితే బాగుంటుంది” అన్నారు.

ఆ సోదరులు ఏడుగురు. ఒక్కరు కూడా మా మందిరం వాళ్లు కాదు. సాక్ష్యమంటే ఏం చెప్పాలో వాళ్లకు తెలియదు. చేతులు కట్టుకుని నిలబడి, తెలిసింది చెప్పారు. మందుల షాపు మరిది, “అన్నయ్య మా అందరికీ గురువండి. జంపింగ్ నాకు నేర్పింది ఆయనే. వర్షంలో కూడా కాలు జారేది కాదండి” అన్నాడు. ఇంకొకాయన, “పంతొమ్మిదేళ్లలో ఒక్క రోజు కూడా బాపట్ల బండి తప్పిపోలేదండి, నిజమైన జంపరంటే ఆయనే” అన్నాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. ముసలమ్మలు స్తోత్రం అన్నారు. ఆ ఏడుగురూ చెప్పేసరికి జంపరు అన్న మాట నా చెవికి డాక్టరు, ప్లీడరు లాగా వినిపించడం మొదలుపెట్టింది. పది రోజుల్లో నాకు కాస్త హాయిగా అనిపించింది అప్పుడే.

వెనక కుర్చీల్లో ఒక పెద్దాయన ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అందరితో పాటు భోజనం చేశాడు. చేయి కడుక్కున్నాక నా దగ్గరికి వచ్చి, రైల్వే తరఫున ప్రమాదం మీద రిపోర్టు రాయడానికి వచ్చానని, ఈ రోజు ఇబ్బందైతే రేపు వస్తానని మర్యాదగానే అడిగాడు. ఫర్వాలేదండి అడగండి అన్నాను.

“మీ వారు జంపరేనటగా అమ్మా?”

“అవునండి. వేమూరులో ఆయన తర్వాతేనండి ఎవరైనా” అన్నాను.

ఆయన ఇంగ్లీషులో రాసుకుని, చదువుకుని సంతకం పెట్టమన్నాడు. మరణించిన వ్యక్తి హ్యాబిచువల్ జంపర్ అని భార్య చెప్పింది, అని ఉంది. హ్యాబిచువల్ ముందు ‘ఏ’ వదిలేశాడు. అక్కడ ఒక ‘ఏ’ రావాలండి అని చూపించాను. దిద్దుకుని, థాంక్స్ మేడం అన్నాడు. కింద నేను సంతకం పెట్టాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట, పరిహారం కేసు చూస్తున్న తెనాలి లాయరుగారి బల్ల మీదికి రావడానికి రెండు నెలలు పట్టింది. బండిలోంచి ప్రమాదవశాత్తూ పడిపోతే ఇంటివాళ్లకు పరిహారం వస్తుంది, దూకితే రాదు. దూకినవాడు తన చావు తానే తెచ్చుకున్నట్టు లెక్క. రిపోర్టులో ఆఖరి వాక్యం అదే. తనంతట తాను చేసుకున్నది. లాయరుగారు కళ్లజోడు తీసి కాగితం మీద పెట్టారు.

“ఏంటమ్మా ఇది? చదువు రానివాళ్లు వేలిముద్ర వేశారంటే అర్థముంది. మీరు ఇంగ్లీషు టీచరు. పైగా తప్పు దిద్ది మరీ సంతకం పెట్టారంట!”

“ఉన్నదే చెప్పానండి” అన్నాను.

“ఉన్నది చెప్పడానికి ఇదేమన్నా ప్రార్థనా?” అన్నారు. తర్వాత అలా అన్నందుకు నొచ్చుకున్నారు కాబోలు, మంచినీళ్లు తెప్పించారు.

ఆయన చెప్పిన దారి సులువే. దుఃఖంలో ఏం చెప్పానో నాకు తెలియదని నేను అనాలి. మా ఆయన జన్మలో బండి దూకలేదని అనాలి. తోటివాళ్లు వచ్చి, మేమెవరమూ దూకం, ఆయనా దూకేవాడు కాదు అని చెప్పాలి. ఆ ఏడుగురినీ అడిగాను. అందరూ ఒప్పుకున్నారు. కేబిను దగ్గర దూకుతామని ఒప్పుకుంటే వాళ్ల మెడకే చుట్టుకుంటుంది కాబట్టి ఆ అబద్ధం వాళ్లకూ పనికొస్తుంది. నిన్నటి దాకా గురువన్నవాళ్లు, “జంపింగ్ అంటే ఏంటో మాకు తెలియదని చెప్పేస్తాం వదినా, మీరేం దిగులు పడకండి” అన్నారు. అలా అన్న రోజు పొద్దున కూడా దూకే వెళ్లారు.

డబ్బు అక్కర్లేదని నేను అనను. పాప ఇంటర్ చదువుతోంది, నా జీతం అందరికీ తెలిసిందే. కానీ రాత్రీ పగలూ నన్ను తినేసింది డబ్బు కాదు, ఆ ఆఖరి వాక్యం. పాప రేపు ఎప్పుడో ఆ కాగితం చదువుతుంది. మా నాన్న తన చావు తానే తెచ్చుకున్నాడు, ఆ సంగతి రాయించింది మా అమ్మ, అని చదువుతుంది. అది మార్చాలి. నాకు కావాల్సిందల్లా అదొక్కటే. అది తప్ప మిగతా వాటిలో నాకు చలీ వేడీ తెలియలేదు. నాలిక కాలినా గంట తర్వాత గానీ తెలిసేది కాదు.

ఆయన సర్వీసు కాగితాలకు బాపట్ల వెళ్లాల్సి వచ్చింది. నేను బస్సులో వెళ్లాను. ఆఫీసులో ఆయన కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు, దాని మీద ఫైళ్ల దొంతర పెట్టారు. సూపర్నెంటుగారు టీ తెప్పించి, జరిగిందంతా అడిగి, “జంపరేంటండి, బాగుంది! ఆయన మెట్లు కూడా కడ్డీ పట్టుకుని ఒక్కొక్కటే దిగేవారు. ఆఫీసులో ఆయన్ని నిదానంగారనే పిలుస్తాం” అన్నారు. జాగ్రత్త మనిషని, తొందరపాటు లేని మనిషని ఉత్తరం రాసిస్తానన్నారు. రాసి స్టాంపు కూడా వేసిచ్చారు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ ఉత్తరం పట్టుకుని బస్టాండులో కూర్చున్నప్పుడు, లాయరుగారు చెప్పిన దారి మంచిదేమో అనిపించింది. బాపట్లలో ఉన్న మనిషి నిజంగానే దూకేవాడు కాదు. ఇది చాలు కదా అనుకున్నాను.

మిగిలింది ఒకటే. అసలేం జరిగిందో నాకు తెలియదు. రేపల్లె నుంచి గంపలతో వచ్చి తెనాలిలో చేపలమ్మే ఒకావిడ ఆ రోజు తలుపు దగ్గరే కూర్చుందని మరిది చెప్పాడు. అప్పటి నుంచి ఆమె ఆ పెట్టె ఎక్కడం లేదట. రేపల్లె నా పుట్టిన ఊరు, వాకబు చేయడం కష్టం కాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ల వీధికి వెళ్లాను. వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తోంది. నేనెవరో చెప్పగానే చేతిలో చేట కింద పెట్టేసింది.

“నేను చూశానని ఎవరు చెప్పారమ్మా?” అంది.

“చూడలేదంటే వెళ్లిపోతానండి” అన్నాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. లోపలికి వెళ్లి పీట తెచ్చి వేసింది.

“నా గంప కాళ్లకు అడ్డమొస్తుందని ఎవరో గొణిగితే జరుపుతున్నానమ్మా. బరువు. మీ ఆయనే వంగి ఒక చెయ్యేశారు. రెండో చేత్తోనే కడ్డీ పట్టుకున్నారు. బండి ఒక ఊపు ఊపింది. నా గంప ఇటు వచ్చింది, ఆయన అటు పోయారు” అంది. చేట మళ్లీ చేతిలోకి తీసుకుని, “గంప వదిలేసి ఆయన చెయ్యి పట్టుకోవాల్సింది. నేను గంపే పట్టుకున్నాను” అంది.

నేను ఆమెను ఓదార్చాలి. ఓదార్పు నా దగ్గర లేదు. “ఆయన దూకలేదంటారా?” అని మాత్రం అడిగాను.

ఆమెకు కోపం వచ్చింది. “దూకడమేంటమ్మా? దూకేవాళ్లను రోజూ చూస్తాను, నాకు తెలీదా? కేబిను దాటకుండా ఏ జంపరైనా దూకుతాడా? దూకేవాడు ముందు సంచీ తీసుకుని మెడలో వేసుకుంటాడు. ఆయన సంచీ కొక్కేనికే ఉంది కదా, తెనాలి దాకా ఊగుతూనే ఉంది” అంది.

ఆ సంచీ మా ఇంట్లో ఉంది. ఆ రోజే మరిది తెచ్చిచ్చాడు. క్యారేజీ మూత తీసి, పాడైన పప్పు పారబోసి, గిన్నెలు తోమి బోర్లించింది నేనే. ఇన్ని నెలలుగా అది గోడకు తగిలించి ఉంది. పంతొమ్మిదేళ్ల జంపరు సంచీ వదిలేసి దూకడని వేమూరులో ఎవరికైనా తెలుసు. ఆ ఏడుగురికీ తెలుసు, నాకూ తెలుసు. మా అందరికీ తెలిసిన ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఆయన దూకేవాడు కాదని చెప్పడంలో మునిగిపోయాం.

తిరుగు బండిలో కూర్చుని ఆలోచించాను. ఆ సంచీకి అర్థం ఉండాలంటే ఆయన జంపరై ఉండాలి. ఎప్పుడూ దూకని మనిషైతే కొక్కేనికి సంచీ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? పొలాల మధ్య పడ్డాడంటే, కొత్తగా సరదా పడి దూకాడేమో అనే అంటారు. కేబిను ఎక్కడుందో, బండి ఎక్కడ నెమ్మదిస్తుందో తెలిసినవాడు మాత్రమే అక్కడ దూకడు. లాయరుగారికి ఇదే చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. “ఇప్పటికి ఒకసారి ఒప్పుకుని మునిగారు. మళ్లీ ఒప్పుకుంటానంటారు!” అన్నారు. చేపలావిడ వచ్చి చెబుతానందని అన్నాక కాస్త మెత్తబడ్డారు. మీ ఇష్టం, తర్వాత నన్ననకండి అన్నారు.

విచారణ రోజు నేను తెల్ల చీర కట్టలేదు, బడికి కట్టుకునే చీరే కట్టాను. సంచీ ఒళ్లో పెట్టుకున్నాను. చేపలావిడ నా కంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. మందుల షాపు మరిది కూడా వచ్చాడు, మేమెవరమూ దూకం అని చెప్పడానికి. నేను ఏం చెప్పబోతున్నానో అతనికి ముందే చెప్పాను. “వద్దు వదినా, మా గురించి ఆలోచించండి” అన్నాడు. ఆలోచించాను. ఆలోచించే వచ్చాను.

రైల్వే తరఫు లాయరు మొదటి ప్రశ్నే అది వేశాడు. మీ భర్త జంపర్ అని మీరే చెప్పారు, అవునా కాదా?

అవునన్నాను. ఇప్పుడూ అదే చెబుతున్నానన్నాను. తర్వాత ఆయన అడగకుండానే, క్లాసులో చెప్పినట్టు చెప్పాను. జంపరంటే మీరు అనుకుంటున్నట్టు ఎక్కడ పడితే అక్కడ దూకేవాడు కాదండి. కేబిను దాటాక దూకుతాడు. బండి నడకకు రావాలి. సంచీ భుజాన ఉండాలి. మొహం బండి పోయే వైపుండాలి. మా ఆయన పంతొమ్మిదేళ్లు అలాగే చేశారు. ఆయన పడినచోట ఇందులో ఒక్కటీ లేదు. సంచీ ఇదిగో. ఆ పెట్టెలో ఉన్న అందరిలో అక్కడ దూకనివాడు ఎవరైనా ఉన్నారంటే అది ఆయనే.

బల్ల వెనక కూర్చున్న అధికారి రాసుకోవడం ఆపి నా వైపు చూశారు. మాట మెత్తగానే ఉంది.

“పంతొమ్మిదేళ్లూ మీకు తెలుసా అమ్మా?”

“తెలుసండి.”

“ఎప్పుడూ వద్దని చెప్పలేదా?”

“లేదండి. పెందలాడే రమ్మనేదాన్ని” అన్నాను.

అధికారి ఆ మాట రాసుకున్నారో లేదో నాకు తెలియదు. తర్వాత చేపలావిడను పిలిచారు. ఆమె గంప సంగతి సహా అన్నీ చెప్పింది. మరిదిని పిలిస్తే అతను నేల చూస్తూ, “ఆవిడ చెప్పింది నిజమేనండి, మేం దూకుతామండి” అన్నాడు. అతను అలా అంటాడని నేను అనుకోలేదు.

తీర్పు రావడానికి చాన్నాళ్లు పట్టింది. బండి కుదుపుకు పట్టు తప్పి పడిపోయాడు, తనంతట తాను చేసుకున్నది కాదు, అని వచ్చింది. లాయరుగారు ఫోను చేసి నా కంటే ఎక్కువ సంతోషించారు. కాగితం రెండుసార్లు చదివాను. పాపకు చదవమని ఇచ్చాను. అది చదివి, మడిచి, ఆయన సర్టిఫికెట్లున్న కవర్లో పెట్టింది. ఆ రోజు మనసు తేలిక పడుతుందనుకున్నాను. పడలేదు. వంకాయ కూర వండాను, తిన్నాం.

విచారణలో మేం చెప్పిన మాటలు చేరాల్సినచోటికి చేరాయి. కేబిను దగ్గర ఇద్దరు మనుషులను కాపలా పెట్టారు. మొదటి రోజే ఇద్దరు జంపర్లను పట్టుకుని జరిమానా వేసి, ఇంకోసారి కనిపిస్తే పనిచేసే ఆఫీసులకు రాస్తామన్నారు. దాంతో జంపింగ్ ఆగిపోయింది. ఇప్పుడు వేమూరు నుంచి బాపట్ల వెళ్లేవాళ్లు పొద్దున ముందు బండికి వెళ్తారు, రాత్రి తర్వాతి బండికి వస్తారు. నేను రోడ్డు మీద కనిపిస్తే ఆ ఏడుగురూ పలకరిస్తారు, కానీ నిలబడరు. మంచిపనే జరిగిందని పాస్టరు అయ్యగారు అన్నారు. జరిగింది మంచే. దానికి నన్నెవరూ మెచ్చుకోలేదు, మెచ్చుకోవాలని నాకూ లేదు.

మొన్న దీపాలు పెట్టే వేళకు మందుల షాపు మరిది భార్య వచ్చింది. చిన్నది, పెళ్లయి నాలుగేళ్లు, మూడేళ్ల పాప. కూర్చోమంటే గుమ్మానికి ఆనుకునే నిలబడింది.

“ఎలా ఉన్నారక్కా?” అంది.

“ఉన్నానమ్మా. ఏంటి, ఈ వేళప్పుడు వచ్చావు?”

ఏమీ లేదంటూనే మొదలుపెట్టింది. “ఆయన ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర, ఒక్కో రోజు తొమ్మిది అవుతోందక్కా. పాప చూసి చూసి నిద్రపోతోంది. ఆదివారం తప్ప దాని మొహం ఆయన చూడటం లేదు. వచ్చాక మాట్లాడదామంటే చిరాకు. అన్నం ముందు కూర్చునే కునుకుతారు. మీ మీద కోపం కాదక్కా, మీ కష్టం మీది. కానీ మీరు ఆ మాట అక్కడ చెప్పకుండా ఉంటే బాగుండేది. మా ఇల్లు ఇల్లులా లేదు” అంది. చివరికి వచ్చేసరికి గొంతు లేచింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఆ పిల్ల చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు.

“ఆలస్యంగానైనా వస్తున్నాడు కదమ్మా” అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెళ్లొస్తానక్కా అని మెట్లు దిగింది. నేను తలుపు వేసి వచ్చి కూర్చున్నాను. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. మా ఆయన అలా రెండు గంటలు ఆలస్యంగా వస్తే నేను మాత్రం ఊరుకునేదాన్నా? తలుపు తీస్తూనే దులిపేసేదాన్ని. ఇంటి ధ్యాస ఉందా అనేదాన్ని, చారు రెండుసార్లు వెచ్చబెట్టాననేదాన్ని, నోటికొచ్చినవన్నీ అనేదాన్ని. ఆయన చెప్పులు విప్పుకుంటూ అన్నీ వినేవారు.